వెనకగది దయ్యం

నేను కిటికీ దూకింది భయంతో కాదు. మిట్టేమరి ఊరంతా ఇంకోలా చెప్పుకుంటోంది కాబట్టి, మాటలు తక్కువ మనిషినైనా, ఇది రాస్తున్నాను.

మా వెనకగదిలో నేనూ బీడీల బయ్యప్పా రోజూ పులిమేక ఆడుకుంటాం. ఆ గది పట్టుపురుగులకు కావాలంది నా భార్య హనుమక్క.

"పురుగులు బీడీ పొగకు ఓర్చవు. మీరిద్దరూ పోయి కొట్టంలో ఆడుకోండి."

"ఆ గదిలో మా అవ్వ దయ్యమై తిరుగుతాండాదే!"

"తిరగనీలేప్పా. ఊరికే తిరిగే బదులు పురుగులకు ఆకు కోసి పెడతాది."

మాటలకు బెదిరే మనిషి కాదని తేలిపోయింది. అప్పుడే బాగేపల్లి టెంటులో దయ్యం సినిమా పడింది. మూడుసార్లు చూశాను. మొదటిసారి భయపడ్డాను, పోయింది అందుకే కదా. రెండోసారి ఎందుకు భయపడ్డానో చూశాను. మూడోసారి తెర వైపే చూడలేదు, జనం ఎక్కడ ఉలిక్కిపడుతున్నారో చూశాను.

దయ్యం వచ్చాక ఎవరికీ భయం లేదు. రాకముందు మూసిన తలుపును చాలాసేపు చూపిస్తారే, అక్కడుంది. వాయిద్యాలన్నీ ఆగి ఒక్క చిన్న చప్పుడు మిగిలితే మగవాళ్ళు కూడా కాళ్ళు పైకి ముడుచుకుంటున్నారు. ఇక దీపం ముఖానికి కిందనుంచి పడితే పెళ్ళికూతురైనా పిశాచమే.

మూడోసారి పగటి ఆటకు పోయే ముందే, బాగా కిర్రుమనాలని గది తలుపు బందులకున్న నూనె తుడిచేశాను. దీపాలవేళకు తిరిగొచ్చి, బయ్యప్పను కిటికీ కింద సాక్షిగా నిలబెట్టి, దొంగలా గదిలో దూరాను. హనుమక్క ఆ వేళకు అక్కడికి వస్తుంది.

కిటికీకి ఎవరో గోనెపట్టా కట్టారు. చీకటి బాగా కుదిరిందని సంతోషించాను.

ఊపిరి బిగబట్టాను. అప్పుడు వినిపించింది. సన్నని వాన చినుకుల్లా చిటచిట, చిటచిట. బయట వాన లేదు. పచ్చాకు వాసన. అవ్వ నిజంగానే ఆకు కోసిందా అన్న ఆలోచన వచ్చింది. నాకు నచ్చలేదు.

చప్పుడు ఆపితే భయం పుడుతుందని నేర్చుకున్నాను. ఆపినవాడికే పుడుతుందని ఆ సినిమాలో చెప్పలేదు.

మెడ మీద చల్లగా, మెత్తగా ఏదో పాకింది.

తలుపు కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. గడ్డం కింద దీపంతో ఒక ముఖం లోపలికి వచ్చింది.

నేను గోనెపట్టాతో సహా కిటికీలోంచి వెళ్ళి బయ్యప్ప మీద పడ్డాను. గోనె కప్పుకున్న ఆకారాన్ని చూసి వాడు "దయ్యం!" అని ఊరి చివరిదాకా చాటింపు వేసుకుంటూ పోయాడు.

హనుమక్క కిటికీలోంచి తొంగిచూసింది. "యాడికప్పా దూకుతాండావు? పురుగుల తట్టలు కింద పడెయ్యలేదు గదా? మా అక్కయమ్మక్క చాకవేలునించి నువ్వు ఆటకు పోయినంక, పగటిపూటే బండిలో పంపె. చిటచిటమని బాగా ఆకు తినే పురుగులు."

"దీపం అట్ల పట్టేది యాడ నేర్చుకుంటివే?"

"నువ్వు రెండోతూరి చూసిన ఆటలోనే. ఆడోళ్ల పక్క కూచోనుంటి. నువ్వు టవలు నోట్లో కుక్కోని కూచోనుంటివి. ఈపొద్దు తలుపుకు నూనె లేకపోతానే తెలిసె, నువ్వొస్తావని."

ఇప్పుడు పులిమేక కొట్టంలోనే. పొద్దున్నే ఆకు కోసేది నేనే, అవ్వ రాలేదు. ఆకు తట్టల్లో వేసి ఒక్క పరుగున బయటికి వస్తాను.

గది వాసన పడదు. అంతే.