లైల్ ఎంచిన శుభ్రమైన నాటకం

పక్కింటి బెర్నడీన్‌కు జుట్టు కత్తిరించే అమ్మాయి చెప్పిందట, ఆ అమ్మాయికి వాళ్ల మేనత్త చెప్పిందట, ఈ ఏడు హైస్కూలు పిల్లలు వేయబోయే సంగీత నాటకంలో ఒక ఆడపిల్లా, ముగ్గురు మగవాళ్లూ, ఒకే ఒక్క మంచమూ ఉన్నాయట. ఆ సంగతిని బెర్నడీన్ కంచె మీదుగా నదీన్‌కు అందించింది. నదీన్ దాన్ని పొద్దున్నే పెనం మీద పాన్‌కేకు తిరగేస్తూ మొగుడి చెవిన వేసింది.

ఆమె మొగుడు లైల్ వాండర్‌స్లూట్ విల్లెట్ హైస్కూలుకు ప్రిన్సిపాల్. ఆ రోజుకు ఆయన పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. బస్సు డ్రైవర్ల సెలవు కాగితాలు చూడాలి, భోజనశాలలో పాడైన పొయ్యి సంగతి తేల్చాలి, సాయంత్రం ఫుట్‌బాల్ ఆటకు పోయి కనిపించిన వాళ్లందరికీ చెయ్యి ఊపాలి. తొమ్మిదేళ్లుగా ఒక్క తగాదా కూడా తన గడప తొక్కకుండా నెట్టుకొచ్చిన మనిషి.

"ఒకే మంచమా?" అన్నాడు.

"బెర్నడీన్ అలాగే అంది."

"ముగ్గురూ ఒకేసారా?"

"అది నేనడగలేదు. నీ పాన్‌కేకు మాడుతోంది, ప్లేటు ఇలా పట్టు."

మేడ మీద బాత్రూంలోంచి పాట వినిపిస్తోంది. వాళ్ల కూతురు కొరీన్ ఆ నాటకంలో నాయిక. హైస్కూల్లో చేరిన మొదటి ఏడు ఆమెకు చెట్టు వేషం ఇచ్చారు. రెండో ఏడు ఆవుకు వెనక కాళ్లు. మూడో ఏడు గుంపులో ఒక మనిషి. ఇది నాలుగో ఏడు, ఆఖరిది. ఇన్నాళ్లకు నాలుగు పాటలున్న వేషం దక్కింది. పద్దెనిమిది రోజులుగా ఆ ఇంటి గోడలు కూడా ఆ పాటలు నేర్చుకుంటున్నాయి.

కూతుర్ని ఒక్క మాట అడిగితే సంగతి అక్కడే తేలిపోయేది. కానీ ఏ తండ్రి మాత్రం కూతురి ముందు నిలబడి, నీ నాటకంలో మంచం మీద ఎంతమంది ఉంటారమ్మా అని అడుగుతాడు? లైల్‌కు సిగ్గేసింది. కాఫీ సగంలో వదిలేసి బడికి పోయాడు.

ఆ నాటకం పుస్తకం ఆగస్టు నుంచీ ఆయన బల్ల మీదే ఉంది. నాటకం హక్కులున్న కంపెనీ వాళ్లు, ముందు చదివి చూసుకోండి అని ఒక ప్రతి పంపుతారు. ప్రిన్సిపాల్ చదివి సంతకం పెట్టాలి. లైల్ ఏటా సంతకం పెట్టేవాడు. చదవడం అనే పని ఆ కవరు అంటించిన జిగురు దగ్గరే ఆగిపోయేది.

నాటకాలు వేయించే టీచరు ఒడెట్ ప్రూయిట్‌ను పిలిపించాడు. ముప్పై ఏళ్లుగా పిల్లల చేత పాటలు పాడించి పాడించి గొంతు బొంగురుపోయిన మనిషి ఆవిడ.

"ఈ ఏటి సంగీత నాటకం ఆపేయండి," అన్నాడు లైల్.

"ఎందుకు సర్?"

"అందులో ఏముందో నాకు తెలిసింది."

"చదివారా?"

"తెలిసింది అన్నాను కదా."

ఒడెట్ చూపు బల్ల మీది కవరు మీద వాలింది. అతికించింది అతికించినట్టే ఉంది. లైల్ కాఫీ కప్పు తీసి దాని మీద పెట్టాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ముందుజాగ్రత్త ఎక్కువై, ఇకపై మన బడిలో ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగిన శుభ్రమైన నాటకాలే వేస్తామని తల్లిదండ్రులందరికీ ఈమెయిల్ కొట్టాడు. అప్పటిదాకా ఆ మంచం గురించి ఎనిమిది మందికి తెలుసు. మధ్యాహ్నానికి ఊరంతటికీ తెలిసింది. ముగ్గురు మగవాళ్లు ఐదుగురయ్యారు. సాయంత్రం ఫుట్‌బాల్ మైదానానికి చేరేసరికి ఎవరో ఒక మేకను కూడా కలిపారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొరీన్ బంగాళాదుంపలు కెలికి లేచిపోయింది. మర్నాటి నుంచి బాత్రూంలో నీళ్ల చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

ఒడెట్ వేరే నాటకం తెచ్చింది. అందులో పెళ్లి విందులో వైన్ తాగుతారని పాస్టరు ఫోను చేశాడు. ఇంకొకటి తెచ్చింది. అందులో ఫ్యాక్టరీ పనివాళ్లు సమ్మె కడతారని స్కూలు బోర్డు అధ్యక్షుడు రోలీ హాస్కెట్ కస్సుమన్నాడు. ఆయనకు ఊరి చివర టర్కీ కోళ్ల షెడ్లున్నాయి, వాటిలో తొంభై మంది పనిచేస్తారు. ఫోను చేసిన వాళ్లలో ఎవరూ ఏదీ చదవలేదు. చదవకుండానే ప్రతి వాళ్లకూ ఏదో ఒక పుట కంఠతా వచ్చు. లైల్ కుడితిలో పడ్డ ఎలుకలా తయారయ్యాడు.

చివరికి రోలీయే గట్టెక్కించాడు.

"ఏమయ్యా లైల్, బయటి వాళ్ల నాటకాలు మనకెందుకు? మన ఊరికి నూరేళ్లు నిండినప్పుడు చర్చి ఆడవాళ్లు కలిసి మన ఊరి కథే నాటకం రాశారు, గుర్తుందా? పాటలు మా అమ్మ రాసింది. డెబ్బై మూడులో పార్కులో ఆడారు. లైబ్రరీ కింద గదిలో ప్రతి ఉంటుంది చూడు."

"అందులో అభ్యంతరం ఏమీ..."

"మా అమ్మ రాసిందయ్యా."

లైల్‌కు ప్రాణం లేచొచ్చింది. వెంటనే అనుమతి రాశాడు. కక్ష కొద్దీ ఒడెట్ ఏదైనా ఇరికిస్తుందేమోనని కింద ఇంకో వాక్యం చేర్చాడు: ఈ నాటకంలో ఒక్క అక్షరం తీయరాదు, చేర్చరాదు, మధ్యలో ఆపరాదు. కింద సంతకం, తేదీ, బడి ముద్ర.

నాలుగు రోజుల తర్వాత ఒడెట్ ఆ పాత టైపు కాగితాల కట్ట పట్టుకుని వచ్చింది.

"సర్, ఇది ఒక్కసారి చదవండి."

"చర్చి ఆడవాళ్లు రాసింది. చదివేదేముంది?"

"ఆడవాళ్లు రాసింది కాబట్టే చదవమంటున్నాను."

"మిసెస్ ప్రూయిట్, మళ్లీ మొదలుపెట్టకండి. కాగితం మీద ఏం రాశానో అదే."

ఆవిడ కట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఊరి కథలో పెద్ద వేషాలన్నీ మగవాళ్లవే. కొరీన్‌కు నాలుగు పాటలూ పోయి ఒక్క పాట మిగిలింది. విల్లెట్ మొదటి బడిపంతులు వేషం ఇచ్చి, బొడ్డు దాకా గడ్డం అంటించారు. ఆ పంతులు లైల్ తాతకు తాత. రైలు కంపెనీ పెద్దల్ని ఒంటి చేత్తో ఎదిరించిన మొనగాడని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. "పోనీలే, మన ఇంటి పెద్దాయన వేషమే వచ్చింది," అని లైల్ సంతోషించబోయాడు. కొరీన్ ఆయన్ను చూసిన చూపుకు ఆ సంతోషం గొంతులోనే ఆగింది.

నాటకం ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక. నాలుగు వందల కుర్చీలు నిండాయి. ముందు వరసలో రోలీ, పక్కన చక్రాల కుర్చీలో ఎనభై తొమ్మిదేళ్ల తల్లి వెర్నా, ఇటు లైల్, నదీన్.

తెర లేచింది. ఊరు కట్టిన పెద్దమనిషి బండి దిగాడు. వెంట దిగిన ఇల్లాలు ఇంకొకడి పెళ్లామని మొదటి పాటలోనే తేలిపోయింది. ఊళ్లో మొదట లేచింది చర్చి కాదు, సారాకొట్టు. దాని యజమాని రోలీ ముత్తాత, పీపాలో నీళ్లు కలుపుతూ మూడు చరణాలు పాడాడు. చర్చికి గంట పేకాట పందెంలో వచ్చింది. సారాకొట్టు మేడ మీద మంచం కూడా ఉంది. మంచం దగ్గర మెట్ల మీద మగవాళ్లు ముగ్గురు కాదు, వరసగా నిలబడ్డారు.

రోలీ ముఖం కందగడ్డయింది. "ఆపించు," అని పళ్ల మధ్య నుంచి అన్నాడు. లేవబోయాడు.

"కూర్చోరా రోలీ," అంది తల్లి. "నా పాట ఇంకా రాలేదు."

లైల్ వంగి వంగి తెర పక్కకు పరిగెత్తాడు. ఒడెట్ కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసి చేతిలో పెట్టింది. మధ్యలో ఆపరాదు. తన సంతకమే, తన ముద్రే. మళ్లీ వంగి వంగి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడొచ్చింది వెర్నా పాట. రైలు కంపెనీ వాళ్లు పెద్ద పత్రం తెచ్చారు. చదువుకున్న వాడివి నువ్వే చూడు పంతులూ అని ఊరంతా దాన్ని పంతులు ముందు పెట్టింది. పంతులు హాలండు నుంచి వచ్చినవాడు, ఇంగ్లీషు చదవలేడు. ఆ మాట ఊరి ముందు ఒప్పుకోవడానికి సిగ్గు. గడ్డం సవరించుకుంటూ కొరీన్ అందుకుంది:

"అద్దాలు తుడిచాను, తల ఊపాను,
బాగుంది బాగుంది అని సంతకం గీశాను."

రైలు స్టేషను పక్క ఊరు టోలివర్‌కు పోయింది అలా. విల్లెట్‌కు ఈనాటికీ రైలు రాకపోవడానికి కారణం ఆ సంతకం. కొరీన్ గొంతు హాలు చివరి దాకా ఖంగుమని మోగింది. గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతున్నా పాట చెదరలేదు. మూడేళ్లు చెట్టుగా, కాళ్లుగా, గుంపుగా దాచుకున్న గొంతు అది.

జనం నవ్వు ఆపుకోలేక కుర్చీలు ఊపేశారు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే తల తిప్పి లైల్‌ను చూడసాగారు. అనుమతి కాగితం సంగతి ఊరికి తెలియనిదా? తేలు కుట్టిన దొంగలా లైల్ తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. చెవులు కాలుతున్నాయి. వెర్నా మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "ఆ పిల్ల ఎవరిదిరా? ఇంత బాగా మేం కూడా పాడలేదు," అంది.

అందరూ చప్పట్లు కొట్టి వెళ్లాక లైల్ తన గదికి పోయి, కాఫీ కప్పు మచ్చ పడ్డ ఆ కవరు చింపాడు. నిలబడే చదివాడు. కూర్చోవాలని తోచలేదు.

ఇంటికి వచ్చేసరికి కొరీన్ వంటింటి బల్ల దగ్గర క్రీము రాసి గడ్డం జిగురు గీకుతోంది. నదీన్ సూపు వడ్డిస్తోంది.

"ఆ ముగ్గురూ..." లైల్ గొంతు సవరించుకున్నాడు. "ఆ ముగ్గురూ తమ్ముళ్లా?"

"అవును."

"చిన్న పిల్లలా?"

"పెద్దవాడికి తొమ్మిదేళ్లు."

"అమ్మానాన్నా పోయారా వాళ్లకు?"

"మొదటి పేజీలోనే పోయారు."

"మరి ఒకే మంచం..."

"చలి నాన్నా. నిప్పు వెయ్యడానికి కట్టెలుండవు. అందర్నీ దుప్పటి కింద పెట్టుకుని అక్క పాట పాడుతుంది."

నదీన్ గరిటె గిన్నెలోనే ఉంచి, కిటికీలోంచి బెర్నడీన్ ఇంటి వైపు చూసింది. తర్వాత చూపు దించుకుంది. లైల్ కూతురి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ముఖం వైపు చూడలేక ఆమె చేతుల వైపు చూస్తూ మాట్లాడాడు.

"తప్పంతా నాదేనమ్మా. అది మంచి నాటకం. వచ్చే ఏడు అదే వేయిద్దాం. ఎవరేమన్నా సరే, రేపే రాసి సంతకం పెడతాను."

"వచ్చే ఏడు నేనుండను," అంది కొరీన్.