పంచాంగం ప్రకారం చల్లబడింది

ఆగస్టు రెండో వారంలో జపాన్‌లోని కుమగాయా పట్టణానికి శరదృతువు వచ్చింది. ఈ సంగతి ఎండకు ఎవరూ చెప్పలేదు. అయినా హైకూ సంఘం వారి రుతువుల పంచాంగంలో అచ్చయింది గనుక వచ్చినట్టే.

నిత్యజీవితాన్ని కళ్ళు విప్పి చూడటం, చూసింది మూడు ముక్కల్లో రాయటం సంఘం ఆశయం. అందుకే కార్యదర్శి నుమాతా పొద్దున్నే ఫ్యాను ఆపేశాడు. హైకూ పంచాంగంలో ప్రతి మాటకూ ఒక రుతువుంది; ఫ్యాను వేసవి పదం. చల్లటి బార్లీ టీ కూడా వేసవి పదమే. దాన్ని లోపలికి పంపి పొగలు కక్కే టీ పోయించాడు. సభ్యులు ఊదుకుంటూ తాగి, హాయిగా ఉందన్నారు.

సంఘంలో కవితలు పేరు లేకుండా చదువుతారు. ఎంపికైతే, రాసినవాళ్ళు లేచి తమ పేరు చెప్పుకోవాలి. డెబ్భై దాటిన ఇసొకో ఇంతవరకూ లేవలేదు. పోయేలోగా ఒక్కసారి లేవాలని ఆమె ఆశ.

"నాయనా, కాస్త ఫ్యాను వెయ్యి. గుండె దడగా ఉంది," అందామె.

"భలేవారే పిన్నిగారూ! ఇవాళ్టి నుంచి మీరు చలికి జాగ్రత్తపడాలి," అన్నాడు నుమాతా. అందరూ నవ్వారు.

ఇసొకో కళ్ళు విప్పి చూసింది. చూసిందే రాసింది:

చెమట చుక్క
నాకన్నా ముందే
కాగితం తడిపింది

కవితలు ఎంపిక చేసే సెన్‌గోకు గురువుగారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు. "ఎవరిదో గానీ, చెమట వేసవి సరుకు! కవి లోకాన్ని చూడాలి. చూసేముందు పంచాంగం చూడాలి."

ఇసొకో తల వాలిపోయింది. వినయమనుకున్నారు. కుర్చీలోంచి జారింది. లోతైన ధ్యానమనుకున్నారు. చివరికి అంబులెన్సు వచ్చింది.

"వడదెబ్బ. ఈ కొలిమిలో ఎలా కూర్చున్నారండీ?" అన్నాడు అంబులెన్సు మనిషి.

"వడదెబ్బ వేసవి పదం నాయనా, ఇప్పుడు తగలదు. ఇంకేదైనా ఉందేమో చూడండి," అన్నారు గురువుగారు. సభ్యులు సైరన్ మీద తలా ఒక కవిత రాసుకున్నారు.

సెప్టెంబరులో ఇసొకో తిరిగి వచ్చింది. ఎండ తగ్గలేదు. ఆమె మాత్రం ఉన్ని శాలువా కప్పుకుంది.

చల్లగాలి
శాలువా అంచును
వెతికే చేయి

"ఇదీ చూపంటే!" గురువుగారు కాగితాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. "కళ్ళున్న మనిషి రాసింది!"

ఇసొకో లేచింది. గడ్డం మీదుగా చెమట కారుతుండగా తన పేరు గట్టిగా చెప్పుకుంది. చప్పట్లు చాలాసేపు మోగాయి.

పక్కన కొత్తగా చేరినావిడ ఎర్రబడ్డ మొహంతో గొణిగింది. "అక్కయ్యా, ఆ ఫ్యాను కాస్త వెయ్యమని చెబుతారా?"

ఇసొకో శాలువా బిగించుకుంది.

"ఇంత చలిలోనా తల్లీ?"