కణాలమ్మ సెలవు

ఆ రోజు కణాలమ్మ సెలవు పెట్టింది. చాలాకాలం తర్వాత దొరికిన సెలవు కాబట్టి పొద్దున్నే లేచి ఇంట్లోవాళ్ళకి ప్లాను వివరంగా చెప్పింది. భర్తా, కూతురూ, తనూ చెరువు గట్టుకి వెళ్ళి, చాప పరుచుకుని, సాయంత్రం దాకా ఏ పనీ చెయ్యకుండా కూర్చోవాలి.

యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. క్యాన్సర్ కణాలను కన్నబిడ్డల్లా పెంచుతుంది. రోజూ కాస్త మందు పోసి, చావగా మిగిలిన మొండిఘటాలను దాచి, వాటి జన్యువుల్లో ఏం మారిందో చూడాలి. అప్పుడే కొందరు రోగులకు మందు ఎందుకు పనిచెయ్యడం మానేస్తుందో తెలుస్తుంది. "క్యాన్సర్‌ని చంపమని జీతమిస్తే పెంచుతున్నావా?" అని అత్తగారు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఏడాదిగా మందు చుక్కచుక్కగా పెంచుతున్నా అసలైన మొండిఘటం తేలలేదు. నెలాఖరుకి కణాలు అప్పగించకపోతే జన్యువులు చదివే మిషన్ మీద ఆమె వంతు పక్క ల్యాబ్‌కి పోతుంది.

ఈ ఒక్కరోజూ మందు వెయ్యమని జూనియర్‌కి చెప్పింది. మంచివాడే గానీ మతిమరుపు. అందుకని టెక్నీషియన్ అన్నయ్యకీ చెప్పింది. నొచ్చుకుంటారేమోనని ఒకరికి చెప్పిన సంగతి ఇంకొకరికి చెప్పలేదు.

గట్టు మీద చాప పరిచాక ఉండబట్టలేక జూనియర్‌కి ఫోన్ చేసింది.

"వేశావా తమ్ముడూ?"

"రాగానే వేసేశానక్కా. నన్ను కాస్త నమ్ము!"

హమ్మయ్య అనుకునేలోపు టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, ఒకవేళ మీ తమ్ముడికి చెప్పినా అలవాటు ప్రకారం మర్చిపోయే ఉంటాడు. నేనే వేసేశాను. నువ్వు నిశ్చింతగా ఉండు."

ఆమె నిశ్చింత అంతటితో సరి. రెండు మోతాదులు! వెంటనే ల్యాబ్ నంబరుకి చేస్తే ప్రొఫెసర్ మేడమ్ ఎత్తారు. సంగతంతా విని, "మందు తీసేసి మామూలు పోషకద్రవం పొయ్యాలి, అంతేగా? నేను పోస్తాన్లేమ్మా" అన్నారు.

"అయ్యో, మీరెందుకు మేడమ్..."

"నేనూ ఒకప్పుడు చేసినదాన్నే. సీసా ఎక్కడుంది?"

"ఫ్రిజ్‌లో రెండో అర. గులాబీ రంగు సీసా."

ఫోన్ పెట్టేశాక ఆమెకు అసలు సంగతి గుర్తొచ్చింది. ఆ అరలో ఉన్నవన్నీ గులాబీ రంగు సీసాలే. అందులో ఒకటి, తర్వాత వాడదామని మందు బాగా దట్టించి కలిపి పెట్టుకున్నది. ఎన్నిసార్లు చేసినా మేడమ్ ఫోన్ ఎత్తలేదు.

భర్త వెంటనే చాప చుట్టాడు. "చెరువు ఎక్కడికీ పోదులే, పద" అన్నాడు. అలాంటప్పుడు అతనంటే ఆమెకు ఎంత ఇష్టమో చెప్పడానికి తీరిక లేకపోయింది.

ల్యాబ్‌లో మేడమ్ నవ్వుతూ ఎదురొచ్చారు. "నిండా పోశానమ్మా. పాపం, ఆకలి మీదున్నట్టున్నాయి." బల్ల మీది ఖాళీ సీసాను కణాలమ్మ చేతిలోకి తీసుకుని చూసింది. అది మందు సీసానే. మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలన్నీ చచ్చి పైకి తేలిపోయి ఉన్నాయి. ఏడాది కష్టం! కుర్చీలో కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చేసింది. జూనియర్, టెక్నీషియన్ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేడమ్ మొహం పాలిపోయింది.

పారేసే ముందు ఆఖరిసారి చూద్దామని కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగింది. కణాలు పెంచే ఫ్లాస్కు మూలన చిన్న గుంపు ఒకటి ఇంకా బతికి, అడుగుకు కరుచుకుని ఉంది. మర్నాడు చూసినా అలాగే ఉంది. వారం తిరిగేసరికి పిల్లలు కూడా పెట్టింది.

మేడమ్ మైక్రోస్కోప్ వదల్లేదు. "మనకు కావలసిన మొండిఘటాలు ఇవేనే తల్లీ! ఇన్నాళ్ళూ చుక్కచుక్కగా పోసి నువ్వు వీటిని మరీ గారాబం చేశావు."

పక్క ల్యాబ్‌ని బతిమాలి ఆమె వంతు వాయిదా వేయించింది కూడా మేడమే. మిషన్ మీద చదివించి చూస్తే, పాత కణాల్లో లేని మార్పు ఒకటి ఆ గుంపు జన్యువుల్లో స్పష్టంగా కనిపించింది. కావాలని మళ్ళీ అలాగే మందు దట్టించి చూసినా అదే మార్పు తేలింది. కణాలమ్మ ఈసారి ఏడ్చింది సంతోషంతోనే.

ఈ పరిశోధన మీద వ్యాసం రాసేటప్పుడు మాత్రం అసలు తప్పు ఎవరిదో ఎంతకీ తేలలేదు. చివరికి దోషులందరి పేర్లూ రచయితలుగా వేసేశారు.