భోజన్న గదిలో పిల్లలు

శనివారం పొద్దున భోజన్న ఉల్లిగడ్డలు కోస్తూ మాటిమాటికీ మూలనున్న ఖాళీ కార్టన్ వైపు చూస్తున్నాడు. వంట కాగానే దాన్ని సర్ది తాడు బిగించాలి. నాలుగేళ్ల తర్వాత సెలవు దొరికింది. సోమవారం విమానం. తోటలో ఖర్జూరం కోతలు అయిపోయాయి కాబట్టి ఆదివారం వచ్చి, దేశం దాటనిచ్చే సెలవు వీసా కొట్టిస్తానని కఫీల్, అంటే పనికి తెచ్చుకున్న అరబ్బు ఆసామి, మాటిచ్చాడు.

సౌదీలోని బురైదా శివారులో ఉన్న ఆ గదిలో ఆరుగురు మగవాళ్లు ఉంటారు. ఊరెళ్లేవాడి చేతికి మిగతావాళ్లు తమ పిల్లల వస్తువులు ఇచ్చి పంపడం అలవాటు. అందుకే మంచాల మీద బుల్లి గౌన్లు, బడి సంచులు, నడిస్తే లైట్లు వెలిగే బూట్లు పరిచి ఉన్నాయి.

అప్పుడే ప్రభాకర్ తలుపు తట్టాడు. పట్నంలో కొత్తగా తెరిచిన ప్రైవేటు ప్రైమరీ బడిలో గుమాస్తా. చుట్టుపక్కల ఎవరుంటారు, ఏం పని చేస్తారు, పిల్లలెందరు అని ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాడు.

"మీకు పిల్లలెంతమందండీ?"

"ముగ్గురు సార్. పెద్దది నాలుగో తరగతి," అన్నాడు భోజన్న.

"నాకు నలుగురు!" వెనక నుంచి లింబాద్రి అరిచాడు. "చిన్నోడు మస్తు హుషార్ సార్. ఒక్కకాడ కూసోడు."

పిల్లల గురించి అడిగే మనిషి అక్కడ దొరకడం అరుదు. ఆరుగురూ పోటీపడి చెప్పారు. ప్రభాకర్ మంచాల మీది గౌన్లు చూశాడు, తల ఊపాడు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది గానీ, బయట కారులో ఏసీ నడుస్తోంది, వెళ్లిపోయాడు.

అక్కడ బడి వారం ఆదివారంతో మొదలు. ఆ రోజు తెల్లారేసరికి గది ముందు పసుపుపచ్చ బస్సు హారన్ మోగించింది.

"పిల్లల్ని త్వరగా పంపండి, లేటవుతోంది!" ప్రభాకర్ దిగాడు.

"ఏ పిల్లలు సార్?"

"అదేంటండీ! ఈ రూట్‌కి బస్సు శాంక్షనయిందే మీ రూమ్‌ని చూసి!"

"అయ్యో, ఆళ్లంత జగిత్యాల దిక్కున్నరు సార్!"

ప్రభాకర్ ముఖం పాలిపోయింది. పిల్లల ఇకామాలు, అంటే సౌదీలో ఉండే కార్డులు, కావాలని అతను అప్పటికే ఇంటి యజమానికి ఫోన్ చేశాడు. ఆ యజమాని కఫీలే. జీపు దుమ్ము లేపుకుంటూ రానే వచ్చింది. మగవాళ్ల గదిలో సంసారాలు దాచారని తెలిస్తే జరిమానా తన మీదే పడుతుంది.

వీసా లేదు పొమ్మంటూ "మాఫీ వీసా!" అని కఫీల్ భోజన్న మీద అరిచి, పిల్లల కోసం మంచాల కింద వెతికాడు. ఒక బకెట్టు, రెండు జతల చెప్పులు దొరికాయి.

"వీడియో కాల్ కొట్టున్రి! ఇయ్యాల ఆడ బడి బంద్," అన్నాడు లింబాద్రి.

ఆరు ఫోన్లలో పిల్లలు ఒక్కసారే అరిచారు. "బాపూ, నా బూట్లు సదిరినవా?" కఫీల్ ఒక్కో ఫోనూ చూశాడు, చివరికి నవ్వాడు. భోజన్న ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో కఫీల్ చూపు బస్సు మీద పడింది. "ఇది రోజూ ఇక్కడ ఆగుతుందా?" అని హిందీలో అడిగాడు.

"పిల్లలుంటే తప్పకుండా ఆగుతుంది," అన్నాడు ఉద్యోగం గుర్తొచ్చిన ప్రభాకర్.

బడి బస్సు ఆగే ఇంటికి సంసారులు రెట్టింపు అద్దె ఇస్తారు. కఫీల్ అక్కడికక్కడే తేల్చేశాడు. గదిని రెండు వాటాలుగా మార్చాలి. పని అయ్యేదాకా ఉండటానికి చోటుండదు కనుక అందరికీ ఊరెళ్లే సెలవు.

"మరి నేను?" అన్నాడు భోజన్న.

"నువ్వు మీ ఊళ్లో మేస్త్రీవి కదా. గోడ కట్టి రంగెవరు వేస్తారు? పోయి రంగు తీసుకురా."

ఐదుగురూ గంతులేశారు. భోజన్న చేతిలోని ఫోన్లో కూతురింకా అడుగుతూనే ఉంది, "బాపూ, ఎల్లుండి ఎన్నిగంటలకొస్తవ్?" ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు.

ఏ రంగైనా కఫీల్‌కి ఫరవాలేదట, అద్దెకొచ్చే పిల్లలకు నచ్చితే చాలట.