హ్యాండిల్ వణుకు వెనక హస్తం

చెల్లెలు కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో మోటారు సైకిల్ చైన్ తుడుస్తోంది. అన్న వరండా మెట్టు మీద నిలబడి, ఎండ లేకపోయినా నల్లకళ్లద్దాలు పెట్టుకుని ప్రకటించాడు.

"ఈ కేసు నా చేతికి రావడం నేరస్థుడి దురదృష్టం."

ఏ నేరస్థుడని ఆమె అడగలేదు. అడిగితే మధ్యాహ్నం దాకా చెబుతాడు. పదకొండింటికి ఆమెకు లైసెన్సు పరీక్ష. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ బండి వేగం అందుకుని, తగ్గించబోయేసరికి హ్యాండిల్ గడగడ వణికింది. పరీక్షాధికారి "చేతుల్లో వణుకు" అని కాగితం మీద రాసిచ్చాడు. లైసెన్సు లేకపోతే పశువుల డాక్టరమ్మ దగ్గర ఉద్యోగం లేదు. ఊళ్లు తిరిగి దూడలకు సూదులు వేయాలంటే బండి నడపాలి మరి. ఇవాళ కూడా తప్పితే ఇంకొకరిని చూసుకుంటానని డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది.

అమ్మ రోజూ నరాల టానిక్ పట్టిస్తోంది. లోపం తన చేతుల్లోనే ఉందని చెల్లెలికీ నమ్మకం కుదిరిపోయింది. గ్లాసు పట్టుకున్నప్పుడల్లా నీళ్లు కదులుతున్నాయేమోనని చూసుకునేది.

అన్న మాత్రం ఇది కుట్ర అన్నాడు. అతనిది తాళంచెవులు చేసే కొట్టు. ఒక ముసలాయన పోగొట్టుకున్న తాళంచెవిని ఆయన జేబులోంచే తీసి చూపించిన నాటి నుంచి తనను తాను అపరాధ పరిశోధకుడని చెప్పుకుంటున్నాడు. బండి వెనక ఒక ఇనప పెట్టె బిగించి, పరిశోధన సామగ్రి అందులో పెట్టి తాళం వేశాడు. అది పరాయి కంట పడకూడదట. బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడల్లా పెట్టె ఊడదీసి ఇంట్లో దాచి, వచ్చాక మళ్లీ బిగించేవాడు. మెకానిక్ చక్రాల్లో గాలి, ఇరుసు నట్టు, హ్యాండిల్ కింది బేరింగు అన్నీ చూశాడు. తానే నడిపి కూడా చూశాడు. బండి బంగారంలా ఉంది, నడిపే మనిషిని డాక్టరుకు చూపించమన్నాడు.

దాంతో అనుమానితుల్లో మెకానిక్ మొదటివాడయ్యాడు. రెండో మనిషి పక్కింటి దర్జీ. హ్యాండిల్‌కు చుట్టుకుని నీలం దారం ఒకటి దొరికింది. అన్న పొద్దున్నే వెళ్లి, భూతద్దం ఆయన ముక్కు దాకా తీసుకెళ్లి, ఈ దారం ఎవరిదని గద్దించాడు. దర్జీ చేతిలో కత్తెర కూడా కింద పెట్టలేదు.

"నీదే నాయనా. చొక్కా గుండీ వేలాడుతోంది, ఇలా రా, కుట్టేస్తాను."

గుండీ కుట్టించుకుని వచ్చి, సాక్షి సహకరించాడని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఇప్పుడు చెల్లెలి చుట్టూ పచార్లు చేస్తున్నాడు. "వణుకు మొదలై సరిగ్గా రెండు నెలలు. ఆ వారం ఎవరో పానా పట్టుకుని ఈ బండిని ముట్టుకున్నారు. ఇంటి గుట్టు తెలిసినవాడే. వాడు మన మధ్యనే తిరుగుతున్నాడు."

"తిరిగింది చాల్లే అన్నయ్యా, ఒకచోట నిలబడు. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

నిలబడేసరికి గేటు దగ్గర బురదలో చక్రం గుర్తు కనబడింది. దానికి అచ్చు తీయాలన్నాడు. పెట్టె తెరిచి సామగ్రి వరండాలో పేర్చాడు. రెండు సుత్తులు, గునపం ముక్క, గోనెసంచి నిండా పాత తాళాలు, అన్నిటికీ అడుగున ప్లాస్టర్ బస్తా. పోల్చుకోవడానికి తాజా గుర్తు ఒకటి కావాలి కాబట్టి వీధి చివరిదాకా వెళ్లి రమ్మన్నాడు.

ఆమె వెళ్లింది. వేగం అందుకుంది, తగ్గించింది, భుజాలు బిగబట్టి వణుకు కోసం ఎదురుచూసింది. రాలేదు. మళ్లీ వెళ్లింది. ఈసారి పట్టు వదులు చేసి చూసింది. బండి గీత గీసినట్టు సాగింది.

తిరిగొచ్చేసరికి అన్న బకెట్లో ప్లాస్టర్ కలుపుతూ, కాలు జారి, చీలమండ దాకా అందులో దిగబడి ఉన్నాడు. ఆమె వరండాలోని కుప్పను చూసింది. ఖాళీ పెట్టెను చూసింది. మిగిలిన సామానంతా తానే పెట్టెలోకి ఎత్తి బయల్దేరింది. వీధి మలుపు రాకముందే హ్యాండిల్ గడగడలాడింది. వెనక్కి వచ్చి అంతా దింపేసి మళ్లీ వెళ్లింది. వణుకు లేదు.

అమ్మ చేయి తుడుచుకుంటూ వచ్చి, తాళాల గోనెను ఎత్తబోయి, నడుం పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఇంత బరువు తోక మీద మోపితే ముందు చక్రం నేల మీద ఎలా నిలుస్తుందిరా?" కూతురి వైపు చూడకుండా అంది, "అయితే దాని చేతులకేమీ లేదన్నమాట."

అన్న గంభీరంగా కళ్లద్దాలు సవరించుకున్నాడు. "నేను దర్యాప్తు మొదలుపెట్టానని తెలియగానే నేరస్థుడు పరారయ్యాడమ్మా."

"ఎక్కడికీ పోలేదు. బకెట్లో నిలబడి ఉన్నాడు," అంది అమ్మ.

అతను కాలు లాగి చూశాడు. ప్లాస్టర్ అప్పటికే గట్టిపడింది.

చెల్లెలు పెట్టె నట్లు నాలుగూ విప్పి దాన్ని గోడ పక్కన పెట్టింది. కుళాయి కింద చేతులు కడుక్కుని, తడి వేళ్లను కళ్ల ముందు చాపి కాసేపు చూసుకుంది. పదిన్నర అయింది. ఈ కేసుకు ఏం పేరు పెడితే బాగుంటుందని అన్న బకెట్లోంచే అడుగుతున్నాడు. ఆమె హెల్మెట్ పట్టీ బిగించుకుని, బండిని గేటు దాటించి పరీక్షకు వెళ్లిపోయింది.