తుమ్మెదలంక చరిత్ర ఫలకం

తుమ్మెదలంకకు చరిత్ర లేని లోటు ఈ శనివారంతో తీరిపోతుందని మంత్రిగారు అమలాపురంలో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. గోదావరి మధ్య రెండు వందల గడపల దీవి అది. వంతెన లేదు. చరిత్రైనా ఉండాలని ప్రభుత్వ సంకల్పం.

ఫలకం బాధ్యత పార్టీ కార్యకర్త పోలిరాజు మీద పడింది. జెండాలు కట్టీ కట్టీ వేళ్లు అరిగినవాడు. పని సజావుగా జరిగితే మార్కెట్ కమిటీ ఛైర్మన్ గిరీ అతనిదే. మంత్రిగారి షరతు ఒక్కటే. "నా పంచెకి బురద అంటకూడదు. అట్నుంచటే రాజోలులో పెళ్లికెళ్లాలి."

మహత్తర ఘట్టాల కోసం పోలిరాజు లంకలో పెద్దావిడ మరియమ్మ గారిని కలిశాడు. ఎనభై ఆరు వరదలో ఊరంతా చర్చి కప్పు మీద బతికిన సంగతి ఆవిడ చెప్పింది. అది నెగెటివ్ అన్నాడు. తన కూతురు లిడియా ఆస్పత్రికి పోతూ నడిగోదాట్లో పడవలోనే పుట్టిందని చెప్పింది.

"అది రాస్తే వంతెన లేదని తెలిసిపోద్దండి."

చివరికి ఫలకానికి నాలుగు ఘట్టాలు తేలాయి. మంత్రిగారి తాతగారు వంతెనకు శంకుస్థాపన చేయుట. నాన్నగారు చేయుట. బాబాయిగారు చేయుట. మంత్రిగారు ఈ ఫలకం ఆవిష్కరించుట.

ఆ పాత శిలాఫలకాలేవీ కనబడవేమని అడిగాడు పోలిరాజు.

"ఎక్కడికీ పోలేదండి. రోజూ వాడుకుంటున్నాం," అంది మరియమ్మ. ప్రజల భక్తికి పోలిరాజు కళ్లు చెమ్మగిల్లాయి.

శనివారం గోదావరి సముద్రప్పోటు మీదున్న వేళ మంత్రిగారు వచ్చారు. నీరు గట్టు దాకా ఉంది. పడవలోంచి అడుగు తీసి నేరుగా గట్టు మీదే పెట్టారు. పంచె మల్లెపువ్వులా ఉంది. ఫలకం ఆవిష్కరించి, తమ వంశం లంకకు చేసిన సేవ గురించి తనివితీరా మాట్లాడారు. మధ్యలో పడవ నడిపే శ్యామ్ బాబు రేవులోంచి చేతులూపితే, జేజేలు కొడుతున్నాడని పోలిరాజు మురిసిపోయాడు.

సభ ముగిసి రేవుకొచ్చేసరికి నీరు తీసేసింది. పడవ ఎక్కడో కిందుంది. గట్టు వాలులో మూడు నల్లరాతి మెట్లు బయటపడ్డాయి. మంత్రిగారు తాతగారి మీద కాలేసి, నాన్నగారి మీదకి దిగి, బాబాయిగారి దగ్గర ఆగిపోయారు. అక్కణ్ణుంచి పడవ దాకా మోకాలి లోతు బురద.

"ఒక్క రాయి తక్కువైందండి," అంది మరియమ్మ.

పోలిరాజు మంత్రిగారి పంచె వంక చూశాడు. ఛైర్మన్ కుర్చీ తలచుకున్నాడు. మనుషుల్ని తీసుకుని గట్టెక్కాడు. కొత్త ఫలకం దండతో సహా దిగొచ్చింది. మంత్రిగారి పేరు కింద పడేలా తిప్పబోయాడు, మర్యాద కోసం.

"నున్న వైపు జారుద్ది బాబూ. అక్షరాలున్న వైపే కాలు పట్టుద్ది," అంది మరియమ్మ.

మంత్రిగారు తమ పేరు మీద గట్టిగా అడుగేసి పడవెక్కారు. పంచెకి చుక్క అంటలేదు.

"వేసవిలో నీరు ఇంకా కిందకి పోద్దండి. ఇంకో రాయి పడుద్ది," అంది మరియమ్మ.

"ఆయ్, తప్పకుండా," అన్నారు మంత్రిగారు. "ఈసారి వంతెనకే వేద్దాం."