తాళాలాయన సాక్ష్యం

శనివారం పొద్దున తాళాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నందాకా దుకాణంలో తాళంచెవులు అరగదీయడం, అరగదీస్తూనే మర్నాడు చర్చిలో చెప్పబోయే సాక్ష్యాన్ని వల్లెవేసుకోవడం, సాయంత్రం తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోవడం. అంతే.

చర్చిలో సాక్ష్యమంటే బోనెక్కి చెప్పేది కాదు. దేవుడు తనను ఎలా మార్చాడో పదిమంది ముందు నిలబడి చెప్పుకోవడం. ఆ వీధిలో చర్చికి వెళ్ళేది వాళ్ళ ఇల్లొక్కటే కాబట్టి ఈ తేడా మొగుడూ పెళ్ళాలకు తప్ప ఇంకొకరికి తెలియదు. కొంప మునిగింది అక్కడే.

తాళాలాయన మారింది కోపం విషయంలో. వెనకటి రోజుల్లో అతను కసిరితే తుప్పుపట్టిన తాళాలు సైతం హడలిపోయి వాటంతటవే ఊడిపడేవట. అలాంటివాడు వానాకాలం నుంచి ఒక్క కేక వేయలేదు. ఒళ్ళు మండినప్పుడల్లా పళ్ళ సందుల్లోంచి "స్తోత్రం" అని ఊరుకునేవాడు.

"ఈ ఒక్కరోజూ అరవకుండా గడపండి" అంది భార్య. "ఇవాళ అరిచి రేపు కోపం పోయిందన్నారంటే, దేవుడి ముందు అబద్ధమాడినట్టే."

"నేనా? అరవడమా?" అని అరవబోయి, "స్తోత్రం" అన్నాడు.

దుకాణం తెరవగానే రొట్టెల దుకాణమాయన వచ్చాడు. "ఏంటి బావా, నీలో నువ్వే గొణుక్కుంటున్నావ్?"

"రేపు సాక్ష్యం చెప్పాలి బావా."

"సాక్ష్యమా? ఏమని?"

"ఉన్నదున్నట్టు. దాచేదేముంది? ఆ రోజు మీ బీరువా తెరిచిన సంగతితోనే మొదలు."

ఆ రోజు తాళం ఎంతకీ రాక తాళాలాయన సుత్తిని కిటికీలోంచి విసిరేశాడు. అతను చెప్పదలచుకున్నది ఆ కోపం గురించే. రొట్టెలాయనకు మాత్రం బీరువాలో తళతళలాడిన అమ్మ గాజులు గుర్తొచ్చాయి. అవి పోయాయని సొంత అన్నకు ఒట్టేసి మరీ చెప్పి ఉన్నాడు. గబగబా వెళ్ళి, బుట్టెడు రొట్టెలతో తిరిగొచ్చాడు.

"పిల్లలు తింటారు బావా. ఆ బీరువా మాట మాత్రం..."

"మాకు పిల్లలెక్కడున్నారు బావా?"

"అయితే నువ్వే తిను! ఆ మాట వదిలెయ్."

"అది వదిలేస్తే నా సాక్ష్యంలో ఇంకేం మిగుల్తుంది?"

రొట్టెలాయన మొహం పిండిలా తెల్లబడింది.

కాసేపటికి, రొట్టెలాయన నోట ఈ కబురు విని, కుట్టుమిషను అక్క మెడలో కొలతల టేపుతో దిగింది. "తమ్ముడూ, చెయ్యెత్తు. నీకో చొక్కా ఊరికే కుట్టిపెడతా. అది సరే గానీ, నా ట్రంకుపెట్టె తెరిచినప్పుడు లోపల నువ్వేం చూళ్ళేదు కదూ?"

"చూశానక్కా. గుడ్డముక్కలు."

"చూశావా!" అంటూ ఆవిడ స్టూలుమీద కూలబడింది. వీధిలో అందరి బట్టల్లోనూ మిగిల్చి, తిరిగివ్వకుండా దాచుకున్న ముక్కలవి.

"వాటితో నాకేం పనక్కా? నేను చెప్పేది చర్చిలో!"

"చర్చిలోనా? మైకులోనా?"

తాళాలాయనకు నెత్తురు తలకెక్కింది. తనను చూస్తే లంచానికి నోరు మూసుకునేవాడిలా ఉన్నాడా? "స్తోత్రం!" అన్నాడు పళ్ళు పటపటలాడిస్తూ. ఆవిడ బయటికి పరిగెత్తి, "మొహమ్మీదే చూశానన్నాడు, పైగా స్తోత్రం అని బెదిరించాడు!" అని వీధంతా చాటింది.

సాయంత్రం ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమోయ్, మేడమీద గదికి తాళం బిగించింది నువ్వే. లోపలి పైపు సంగతి మైకులో చెప్పావో, నీ సామాను రోడ్డు మీదుంటుంది."

"పైపా? ఏ పైపు సార్?"

"నటించకు! వీధి నీళ్ళు నా ట్యాంకులోకి మళ్ళించిన పైపు!"

అప్పటిదాకా తాళాలాయనకు పైపుందనే తెలియదు. ఏళ్ళ తరబడి బిందెలు మోసిన భుజాలు ఒక్కసారిగా సలిపాయి. పిడికిలి బిగుసుకుంది. తలుపు చాటునుంచి భార్య పెదవులమీద వేలు పెట్టింది. "స్తో... త్రం" అన్నాడు, గొంతులో ముల్లు దిగినవాడిలా.

ఓనరు వెళ్ళాక చొక్కాను ఇస్త్రీపెట్టెతో బాదుతూ భార్యతో అన్నాడు: "చూశావా? వీళ్ళ పెట్టెలన్నీ తెరిచాను గానీ ఏనాడైనా నోరు తెరిచానా? నన్ను చాడీకోరుని చేస్తారా?"

"మీరేంటో దేవుడికి తెలుసు కదండీ."

"దేవుడికి తెలిస్తే చాలా? వీధికి తెలియొద్దూ?"

ఆవిడ నవ్వాపుకుని చొక్కా లాక్కుంది.

ఆదివారం చర్చిలో ముందు బెంచీలన్నీ ఆ వీధివాళ్ళే. రొట్టెలాయన అన్న కూడా, ఏదో బయటపడుతుందట అని విని, తమ్ముడి వెనకే కూర్చున్నాడు. పాస్టరుగారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. తాళాలాయన మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"పోయినేడు నేనొక బీరువా తెరిచాను..."

"ఆపు బావా!" రొట్టెలాయన లేచాడు. "నేనే చెప్పుకుంటా! అన్నయ్యా, అమ్మ గాజులు నా దగ్గరే ఉన్నాయి!"

అన్న ఏడ్చాడు. తమ్ముడు ఏడ్చాడు. వాళ్ళిద్దర్నీ చూసి కుట్టుమిషను అక్క గుడ్డముక్కల సంగతి తానే బయటపెట్టింది. అందరూ తనవైపే చూస్తున్నారనిపించి ఓనరు, "రేపట్నుంచి నీళ్ళు అందరికీ వస్తాయి" అని గొణిగాడు. "హల్లెలూయ!" అని చర్చి దద్దరిల్లింది.

తాళాలాయన మైకు పక్కన రెండో స్టాండులా నిలబడే ఉన్నాడు. "అయ్యగారూ, మరి నా సాక్ష్యం?"

"ఇంకేం సాక్ష్యం నాయనా!" పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. "నోరు విప్పకుండానే ఇంత పని చేశావు. వెళ్ళి కూర్చో."

"కూర్చోవడమా?" వానాకాలం నుంచి మింగిందంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. "దొంగలందరూ చెప్పుకోవచ్చు, నేను మాత్రం కూర్చోవాలా? నాకు కోపం పోయిందని చెప్పుకోవడానికి వచ్చానయ్యా నేను! కోపం! పోయిందీ!"

ఆ కేకకు పైకప్పు మీది పావురాళ్ళు పక్క ఊరికి లేచిపోయాయి. వీధి చివర దుకాణం షట్టరు దానంతటదే కిందికి జారిందని అంటారు. భార్య మొహం కొంగులో దాచుకుంది, ఏడుపో నవ్వో తెలియలేదు.

పాస్టరుగారు మెల్లగా మైకు అందుకుని, మిగతావాళ్ళ సంగతి తేలిపోయింది గనుక వచ్చే ఆదివారం ప్రార్థనంతా తాళాలాయన ఒక్కడి కోసమే జరుగుతుందని ప్రకటించారు.